రోగనిరోధక శక్తి: రక్త పరీక్ష రిపోర్టు చేతిలో పట్టుకుని అందరూ అడిగే ప్రశ్నలు

రక్త పరీక్షల ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. రిపోర్టు చేతికి ఇవ్వగానే జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వెనక లైనులో నలుగురు నిలబడి ఉంటే కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో సరిగ్గా చెప్పలేను. అలా చెప్పలేకపోయిన జవాబులు ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. మందు రాయాల్సింది డాక్టరే. కానీ ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుందని నా అనుభవం.

రోగనిరోధక శక్తి ఒంట్లో ఎక్కడ ఉంటుంది?

గుండెలాగా, కాలేయంలాగా దానికి ఒకే చోటు లేదు. తెల్ల రక్తకణాలు ఎముక మజ్జలో పుడతాయి. వాటిలో టీ కణాలు మాత్రం ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో తయారై బయటికి వస్తాయి. ప్లీహం, టాన్సిల్స్, మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉండే లింఫు గ్రంథులు, పేగుల గోడలు, ఇవన్నీ ఆ కణాల మకాములు. వీటన్నిటికంటే ముందు చర్మం ఉంది. కన్నీళ్లలో బ్యాక్టీరియా గోడను పగలగొట్టే లైసోజైమ్ ఉంది, కడుపులో ఆమ్లం ఉంది. మనం మింగే క్రిముల్లో చాలావాటి పని అక్కడే అయిపోతుంది.

'శక్తి' అనే మాట వల్ల ఇది బ్యాటరీ ఛార్జింగ్‌లా పెరిగేది, తగ్గేది అనుకుంటాం. నిజానికి ఇందులో మూడు పనులున్నాయి: పరాయిదాన్ని గుర్తుపట్టడం, దాన్ని జ్ఞాపకం పెట్టుకోవడం, పని అయ్యాక ఆగడం. కింది జవాబులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

ముల్లు గుచ్చుకుంటే చీము ఎందుకు పడుతుంది?

తుమ్మముల్లు కాల్లో దిగిందనుకోండి. ముల్లుతో పాటు మట్టి, బ్యాక్టీరియా కూడా లోపలికి పోతాయి. చర్మం కింద కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు వాటిని మింగుతూనే రసాయన సంకేతాలు వదులుతాయి. దాంతో అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడలు కాస్త వదులవుతాయి. అందుకే ఆ చోట ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పుడుతుంది. ఆ వదులైన గోడల్లోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా దిగుతాయి. బ్యాక్టీరియాను మింగి, చంపి, అవి కూడా చచ్చిపోతాయి. చీములో ఎక్కువ భాగం చచ్చిన న్యూట్రోఫిల్సే. మన మజ్జ రోజుకు దాదాపు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది కాబట్టి ఆ నష్టాన్ని తట్టుకుంటాం.

ఈ సంగతి మొదట బయటపడింది కూడా ముల్లుతోనే. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో చిన్న ముల్లు గుచ్చి, మర్నాడు మైక్రోస్కోప్ కింద చూశాడు. కదిలే కణాలు ముల్లు చుట్టూ చేరి ఉన్నాయి. ఈ పరిశోధన ఆయనకు 1908లో నోబెల్ తెచ్చిపెట్టింది.

సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో తెల్లకణాలు ఎక్కువున్నాయి. భయపడాలా?

పెద్దవాళ్లలో మైక్రోలీటర్ రక్తానికి సుమారు 4,000 నుంచి 11,000 తెల్లకణాలు మామూలు. ల్యాబ్‌ను బట్టి ఈ హద్దులు కొంచెం మారతాయి. మొత్తం అంకె ఒక్కటే చూసి కంగారుపడకండి, కింద ఉన్న వాటాలు కూడా చూడండి. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో సాధారణంగా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. చాలా వైరల్ జ్వరాల్లో లింఫోసైట్స్ (టీ, బీ కణాలు ఈ రకానివే) వాటా పెరుగుతుంది. డెంగ్యూ, టైఫాయిడ్‌లలోనైతే మొత్తం కౌంటే తగ్గిపోవచ్చు. ఇసినోఫిల్స్ పెరిగితే అలర్జీనో, ఉబ్బసమో, కడుపులో నులిపురుగులో అని అనుమానిస్తారు. స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నా న్యూట్రోఫిల్స్ అంకె పెరుగుతుంది, కాబట్టి ఏయే మందులు వాడుతున్నారో రక్తం ఇచ్చేటప్పుడే చెప్పండి. ఇవన్నీ ఆధారాలే తప్ప తీర్పులు కావు.

జ్వరం మంచిదా, చెడ్డదా?

క్రిమి నేరుగా ఒంటిని వేడెక్కించదు. మన కణాలు వదిలే సంకేతాలు మెదడులోని హైపోథలమస్‌కు చేరి, ఒంటి వేడిని ఇంకొంచెం పైన నిలపమంటాయి. ఆ కొత్త స్థాయి అందేదాకా ఒళ్లు చల్లగా ఉన్నట్టు అనిపించి వణుకు పుడుతుంది. వేడిలో చాలా క్రిములు పెరగడానికి ఇబ్బంది పడతాయి, మన కణాలు చురుగ్గా పనిచేస్తాయి. పారాసిటమాల్ జ్వరాన్ని తగ్గిస్తుంది, క్రిమిని చంపదు. బాధగా ఉంటే వేసుకోవచ్చు. అయితే మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. మన పెద్దవాళ్లకు పాఠ్యపుస్తకం లేకుండానే కాలి పుండుకూ గజ్జల్లో బిళ్ళకూ సంబంధం ఉందని తెలుసు.

పుండు దగ్గర డెండ్రైటిక్ కణాలు అనే ఒక రకం కణాలుంటాయి. అవి క్రిమిని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను తమ పైభాగాన తగిలించుకుని లింఫు నాళాల దారిన దగ్గరి గ్రంథికి బయలుదేరతాయి. కాలి నుంచి వచ్చే దారి గజ్జల్లోకే. అక్కడ లక్షల కొద్దీ టీ, బీ లింఫోసైట్లు వేచి ఉంటాయి. ఒక్కో లింఫోసైటు గుర్తుపట్టగలిగేది ఒక్క ఆకారాన్నే. వచ్చిన ముక్కకు సరిపోయేది లక్షకో పది లక్షలకో ఒకటి ఉంటుంది. అది దొరికాక రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, కొద్ది రోజుల్లో వేల సంఖ్యలో పెరుగుతుంది. ఆ రద్దీకే గ్రంథి ఉబ్బి బిళ్ళగా చేతికి తగులుతుంది. కొత్త రోగం తగ్గడానికి వారం, పది రోజులు పట్టడానికి ముఖ్య కారణం కూడా ఈ వెతుకులాటే.

మరి ఇంకా పుట్టని వైరస్‌కు కూడా సరిపోయే కణం ఒంట్లో ముందే ఎలా ఉంటుంది? మనిషికి ఉన్న జన్యువులు సుమారు 20,000. గుర్తుపట్టాల్సిన ఆకారాలు కోట్ల కొద్దీ. ఈ చిక్కుముడిని విప్పింది జపాన్ శాస్త్రవేత్త సుసుము టొనెగావా. బీ కణం తయారయ్యేటప్పుడు తన జన్యు ముక్కలను కత్తిరించి కొత్త వరసలో అతికించుకుంటుందని ఆయన చూపించాడు. తెలుగు అక్షరాలు 56 అయినా వాటితో ఎన్ని మాటలు కట్టుకుంటున్నామో, ఇదీ అంతే. ఆయనకు 1987లో నోబెల్ వచ్చింది.

ఒక జాగ్రత్త: నొప్పి లేకుండా, గట్టిగా, మూడు నాలుగు వారాలైనా తగ్గని బిళ్ళ ఉంటే తప్పకుండా డాక్టరుకు చూపించండి. అది టీబీ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

బీ కణాలు, టీ కణాలు ఏం చేస్తాయి?

బీ కణాలు యాంటీబాడీలు తయారు చేస్తాయి. ఇవి రక్తంలో తిరిగే ప్రోటీన్లు. క్రిమిని అతుక్కుని అది మన కణంలోకి దూరకుండా అడ్డుకుంటాయి. వైరస్ అప్పటికే కణం లోపలికి వెళ్లిపోయి ఉంటే యాంటీబాడీకి అందదు. అప్పుడు సీడీ8 టీ కణాలు వచ్చి, వైరస్ ఉన్న మన కణాన్నే చంపేస్తాయి. సీడీ4 టీ కణాలు ఈ రెండు వర్గాలకూ ఆదేశాలిచ్చేవి. హెచ్ఐవీ దెబ్బకొట్టేది ఈ సీడీ4 కణాలనే. ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరుకు 500 నుంచి 1,500 దాకా ఉండే ఆ కణాలు 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. ఏఆర్‌టీ మందులు రోజూ మానకుండా వాడితే వైరస్ అణగి, కౌంట్ మళ్లీ పెరుగుతుంది. పరీక్షలో వైరస్ కనపడనంతగా అణిగి ఉన్నంతకాలం లైంగికంగా భాగస్వామికి సోకదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతో మంది కుమిలిపోతున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డెంగ్యూ రిపోర్టులో ఎన్ఎస్1, ఐజీఎం, ఐజీజీ అని మూడు ఎందుకు?

వానాకాలంలో మా దగ్గర రోజూ వినపడే ప్రశ్న. ఎన్ఎస్1 అనేది వైరస్ తయారుచేసే ప్రోటీన్, మిగతా రెండూ మన ఒంటి జవాబు, అంటే రెండు రకాల యాంటీబాడీలు. జ్వరం మొదలైన తొలి రోజుల్లో రక్తంలో వైరస్ ఎక్కువ, యాంటీబాడీలు ఇంకా రాలేదు. అందుకే ఎన్ఎస్1 పాజిటివ్, ఐజీఎం నెగటివ్ రావచ్చు. నాలుగో, ఐదో రోజు నుంచి ఐజీఎం కనిపిస్తుంది. ఐజీజీ ఆలస్యంగా వచ్చి ఏళ్ల తరబడి ఉంటుంది. రెండో రోజే వచ్చి 'ఐజీఎం మాత్రం చేయండి చాలు' అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ రోజుకు అది నెగటివ్ వచ్చినా డెంగ్యూ లేదని అర్థం కాదు.

ఐజీజీ మొదటి రోజుల్లోనే గట్టిగా పాజిటివ్ వస్తే ఇది రెండోసారి డెంగ్యూ అయ్యే అవకాశం ఉంది. డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే మళ్లీ ఆ రకం రాదు, కానీ మిగతా మూడూ రావచ్చు. రెండో రకం వచ్చినప్పుడు పాత యాంటీబాడీలు దానికి అతుక్కుంటాయి గానీ నిర్వీర్యం చేయలేవు. పైగా యాంటీబాడీ అతుక్కున్నదాన్ని మాక్రోఫేజ్‌లు ఇష్టంగా మింగుతాయి కాబట్టి వైరస్‌కు ఇంట్లోకి దారి దొరికినట్టవుతుంది. జ్ఞాపకం మనకే ఎదురు తిరిగే అరుదైన సందర్భం ఇది.

ఇంకో మాట. డెంగ్యూలో ప్రమాదం చాలాసార్లు జ్వరం తగ్గే రోజుల్లోనే మొదలవుతుంది. అప్పుడు రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. జ్వరం పోయిందని సంబరపడే సమయంలోనే విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత ఉంటే ప్లేట్‌లెట్ల అంకె ఎంతున్నా సరే ఆస్పత్రికి వెళ్లాలి. నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు.

తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదు. జలుబు మాత్రం ఏటా ఎందుకు వస్తుంది?

రోగం తగ్గాక పెరిగిన లింఫోసైట్లలో చాలావరకు చచ్చిపోతాయి, కొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. అవి ఎంతకాలం ఉంటాయో తెలుసుకోవడానికి ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల కథ వినాలి. అక్కడ 1781లో తట్టు వచ్చింది. తర్వాత 65 ఏళ్లు ఆ దీవుల్లో దాని జాడే లేదు. 1846లో మళ్లీ వచ్చినప్పుడు సుమారు 7,800 మందిలో దాదాపు 6,000 మందికి సోకింది. 1781లో తట్టు పోసి బతికిన ముసలివాళ్లలో మాత్రం ఒక్కరికీ రాలేదని డెన్మార్క్ డాక్టర్ పీటర్ పానుమ్ నమోదు చేశాడు.

తట్టు వైరస్ పైరూపం పెద్దగా మారదు కాబట్టి ఆ జ్ఞాపకం పనికొస్తుంది. జలుబు తెచ్చే రైనోవైరస్‌లలోనే 150కి పైగా రకాలున్నాయి. ఏడాదికొకటి కొత్తది తగిలినా చాలు. ఫ్లూ వైరస్ ఏటా రూపం మార్చుకుంటుంది. ఆటలమ్మ సంగతి వేరు: తగ్గాక కూడా ఆ వైరస్ నరాల దగ్గర దాక్కుంటుంది. వయసు మీదపడి టీ కణాల పట్టు సడలినప్పుడు నడుము చుట్టూనో, ముఖం మీద ఒకవైపో మంటతో కూడిన పొక్కులుగా లేస్తుంది. దాన్నే షింగిల్స్ అంటున్నారు.

రోగం వచ్చి తగ్గితే సహజంగా ఇమ్యూనిటీ వస్తుంది కదా, టీకా ఎందుకు?

ధనుర్వాతాన్ని తీసుకోండి. అది వచ్చి బతికి బయటపడినవాళ్లకు కూడా ఇమ్యూనిటీ రాదు. మనిషిని చంపడానికి చాలినంత ఆ క్రిమి విషం కూడా మన కణాలు పాఠం నేర్చుకోవడానికి చాలనంత తక్కువ. అందుకే కోలుకున్నవాళ్లకు కూడా టీకా వేస్తారు. తట్టు వల్ల మరో నష్టం ఉంది, అది పాత జ్ఞాపక కణాలను కూడా తుడిచేస్తుంది. తట్టు తర్వాత పిల్లలు నెలల తరబడి వేరే జబ్బులకు లొంగిపోయేది అందుకే.

టీకా అంటే రోగం లేకుండా ఆ రోగపు ఆనవాలు చూపించడం. ఆ ఆనవాలును రకరకాలుగా తయారు చేయవచ్చు. హైదరాబాద్‌లోనే ఆ రకాలు చాలా కనిపిస్తాయి. శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్ బీ టీకాలో ఉన్నది ఈస్టు కణాల్లో తయారుచేసిన ఒక్క ప్రోటీన్. భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్‌లో చంపిన పూర్తి వైరస్ ఉంటుంది. అదే సంస్థ రోటావైరస్ టీకాలో బలహీనమైన బతికున్న వైరస్ ఉంటుంది. టీకా వేసిన రాత్రి బిడ్డకు వెచ్చబడితే ముల్లు గుచ్చుకున్నప్పుడు జరిగినదే అక్కడా జరుగుతోంది.

కుక్క కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇంకో ఇంజెక్షన్ ఎందుకు?

టీకా వేశాక మన ఒళ్లు యాంటీబాడీలు తయారుచేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రేబిస్ వైరస్ నరాల్లోకి ఎక్కితే ఇక చేసేదేమీ ఉండదు. అందుకే చర్మం చీలి రక్తం వచ్చిన కాటుకు, తయారై ఉన్న యాంటీబాడీలను, అంటే ఇమ్యూనోగ్లోబ్యులిన్‌ను, గాయంలోకే ఎక్కిస్తారు. అది అరువు తెచ్చుకున్న రక్షణ, కొన్ని వారాల్లో అయిపోతుంది. ఈలోగా మన సొంతది అందుకుంటుంది. ఆస్పత్రికి వెళ్లేముందే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే పాత భయం కూడా వదిలేయండి, ఆ టీకా ఇప్పుడు లేదు.

పాముకాటుకు ఇచ్చే మందు కూడా అరువు యాంటీబాడీలే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరతో కలిపి నాలుగు పాముల విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు.

ముర్రుపాలు పారబోయాలా?

వద్దు. దయచేసి వద్దు. అందులో ఐజీఏ యాంటీబాడీలు దండిగా ఉంటాయి, బిడ్డ పేగుల గోడకు పూతలా కాపలా కాస్తాయి. కడుపులో ఉండగా మాయ ద్వారా అందిన ఐజీజీ కొన్ని నెలలు తోడుంటుంది. ఈ రెండూ అమ్మ జీవితంలో ఎదుర్కొన్న రోగాల జ్ఞాపకాలే.

నాకు వయ్యారిభామ పడదు. అలర్జీ అంటే ఇమ్యూనిటీ తక్కువనా?

తక్కువ కాదు, తప్పుగా గుర్తుపట్టడం. పుప్పొడికి తుమ్ములు, ముక్కు కారడం వస్తే అది ఐజీఈ అనే రకం యాంటీబాడీ పని. మాస్ట్ కణాలు అనేవి హిస్టమిన్ అనే రసాయనాన్ని వదలడం వల్ల నిమిషాల్లో మొదలవుతుంది, సెట్రిజిన్ లాంటి మాత్రకు చాలావరకు లొంగుతుంది. కానీ వయ్యారిభామ పీకిన రైతులకు మెడ మీద, మోచేతుల దగ్గర, కనురెప్పల మీద వచ్చే దురద, పగుళ్లు వేరు. అవి టీ కణాల పని, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తాయి. వాటికి సెట్రిజిన్ ఒక్కటే చాలదు, మొక్కకు దూరంగా ఉండటమే ముఖ్యం. గట్టు మీద కలుపు తీసేటప్పుడు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, పూత రాకముందే పీకండి.

మన కణాలే మన కీళ్ల మీద పడటం ఏమిటి?

జన్యు ముక్కలను ఇష్టం వచ్చినట్టు అతికించుకుంటే మన ఒంటినే శత్రువుగా చూసే కణాలు కూడా పుడతాయి. థైమస్‌లో టీ కణాలకు పరీక్ష ఉంటుంది. నూటికి 95కి పైగా అక్కడే చచ్చిపోతాయి. తప్పించుకుని వచ్చినవాటిని అదుపు చేయడానికి రెగ్యులేటరీ టీ కణాలున్నాయి. వీటిని కనిపెట్టినందుకు మేరీ బ్రన్‌కౌ, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు 2025లో నోబెల్ ఇచ్చారు. ఈ అదుపు తప్పితే రుమటాయిడ్ కీళ్లవాతం, టైప్ 1 షుగర్, కొన్ని థైరాయిడ్ జబ్బులు, లూపస్ లాంటివి వస్తాయి. రోగి చేసిన తప్పు వల్ల కాదు.

కీళ్లవాతానికి డాక్టర్లు మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. దాని వెనక మనవాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దాన్ని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. ఆ రెండో వర్గానిదే మెథోట్రెక్సేట్. ఇప్పుడు ఈ మందుతో పాటు, దాని దుష్ఫలితాలు తగ్గడానికి, ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. రెండు మాత్రలూ ఆ ప్రయోగశాల పనికే చెందినవి. చీటీలో ఆ రెండు పేర్లు పక్కపక్కనే చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దగా రాయించుకోండి.

ఇమ్యూనిటీ పెరగడానికి ఏ పౌడర్ మంచిది?

ఏదీ కాదు. పైన చెప్పినవన్నీ చదివాక మీకే అనుమానం రావాలి: ఏ భాగాన్ని పెంచుతుంది? ఐజీఈని పెంచితే అలర్జీ, అదుపు లేకుండా టీ కణాలను పెంచితే కీళ్లవాతం. విటమిన్ సీ మాత్రలు మామూలు మనుషులకు జలుబు రాకుండా ఆపవు. రోజూ తీసుకునేవాళ్లలో జలుబు కాస్త త్వరగా తగ్గుతుందంతే. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు డాక్టర్లే నమోదు చేశారు.

లోపం ఉంటే పూడ్చడం వేరే సంగతి. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు అందని ఒంట్లో యాంటీబాడీలు తయారుచేయడానికి సరుకే ఉండదు. నిద్ర, షుగర్ అదుపు, సిగరెట్ మానడం, టీకాలు, ఇవి నిజంగా పనిచేస్తాయి. 2021లో షుగర్ అదుపులో లేనివాళ్లకు స్టెరాయిడ్లు కూడా తోడైనప్పుడు బ్లాక్ ఫంగస్ ఎలా విరుచుకుపడిందో మనమంతా చూశాం. డాక్టరు చెప్పకుండా మెడికల్ షాపులో స్టెరాయిడ్ అడిగి కొనొద్దు, వాడుతున్నదాన్ని ఉన్నట్టుండి ఆపనూ వద్దు.

మా పాపకు నెలకోసారి జలుబు. ఇమ్యూనిటీ తక్కువుందా?

బడికో, అంగన్‌వాడీకో వెళ్లడం మొదలుపెట్టిన పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. పాప బరువు పెరుగుతూ, మధ్యలో హాయిగా ఆడుకుంటూ ఉంటే ఒంట్లో జ్ఞాపకాలు పోగవుతున్నాయని అనుకోండి.

అనుమానించాల్సిన సంగతులు వేరు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, పదేపదే లోతైన చీముగడ్డలు, నెలల తరబడి తగ్గని నోటిపూత, సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కిస్తే తప్ప తగ్గని జ్వరాలు, బరువు పెరగకపోవడం, ఇంట్లో ముందు పుట్టిన బిడ్డ ఇన్ఫెక్షన్‌తో పోవడం. పుట్టుకతోనే వచ్చే నిరోధక లోపాలు అరుదు. కానీ వాటిలో చాలావాటికి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి కాబట్టి మేనరికం చేసుకున్న ఇళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. అలాంటి ఇంట్లో ముందు బిడ్డ పసితనంలోనే పోయి ఉంటే, తర్వాతి బిడ్డకు బీసీజీ లాంటి బతికున్న టీకాలు వేయించేముందు ఆ సంగతి పిల్లల డాక్టరుకు తప్పక చెప్పండి. తీవ్రమైన లోపం ఉన్న బిడ్డలో ఆ టీకాలోని క్రిమే ఒళ్లంతా పాకవచ్చు. మొదటి అడుగు పెద్ద ఖర్చేమీ కాదు. సీబీసీలో లింఫోసైట్ల అసలు సంఖ్య ఎంతుందో పిల్లల వయసుకు తగిన పట్టికతో పోల్చి చూస్తారు, తర్వాత ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం స్థాయిలు అడుగుతారు.